స్టాండలోన్ ఈసీయూకి సెన్సర్లు, డిస్‌ప్లే అమర్చే పద్ధతి: సమగ్ర మార్గదర్శి

కొత్త ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్; స్టాండలోన్ అంటే కంపెనీదాని బదులు విడిగా కొని పెట్టుకునేది) బిగించారు, డిస్‌ప్లే వెలిగింది, కానీ కూలెంట్ మైనస్ 40 డిగ్రీలు చూపిస్తోంది. ఇంకొకరికి ఇంజిన్ ఆపేసినా ఆయిల్ ప్రెషర్ 1 బార్ దగ్గర నిలబడి ఉంది. మరొకరికి 850 ఉండాల్సిన ఆర్‌పీఎం 20,995గా కనిపిస్తోంది. మూడూ చూడ్డానికి డిస్‌ప్లే తప్పుల్లాగే ఉంటాయి. నిజానికి మొదటిది తీగ తప్పు, రెండోది సెన్సర్ ఎంపికలో తప్పు, మూడోది మాత్రమే డిస్‌ప్లే సెట్టింగ్ తప్పు.

ఏ అంకె అయినా తెర మీదికి రావాలంటే నాలుగు చోట్లు దాటాలి: ఇంజిన్‌లోని అసలు వేడి లేదా ఒత్తిడి, ఈసీయూ పిన్ దగ్గర వోల్టేజి, ఈసీయూ సాఫ్ట్‌వేర్‌లో విలువ, చివరికి డిస్‌ప్లే. ఒక్కో సెన్సర్‌ను ఈ వరుసలోనే సరిచూసి, అది కుదిరాకే రెండోదాని జోలికి వెళ్లండి. అన్నీ ఒకేసారి కలిపేసి కీ తిప్పితే తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి మొత్తం హార్నెస్ (తీగల కట్ట) మళ్లీ విప్పాల్సి వస్తుంది.

## 1. చేతిలో ఉండాల్సినవి

తీగ కోయకముందే కాగితం మీద ఒక పట్టిక గీయండి. ఒక్కో సెన్సర్‌కు ఒక వరుస. సెన్సర్ పేరు, పార్ట్ నంబరు, ఈసీయూ పిన్ నంబరు, తీగ రంగు, 5 వోల్టులు కావాలా వద్దా, పుల్-అప్ (సిగ్నల్ తీగను 5 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్) కావాలా వద్దా, కాలిబ్రేషన్ విలువలు (ఎన్ని వోల్టులకు లేదా ఓమ్‌లకు ఎంత కొలత అన్నది). ఈ కాగితం లేకుండా మొదలైన వైరింగ్ దాదాపు ఎప్పుడూ మధ్యలో ఆగిపోతుంది.

☐ ఈసీయూ పిన్‌అవుట్ (ఏ పిన్ దేనికో చెప్పే పటం), ప్రతి సెన్సర్‌ డేటాషీట్
☐ మిల్లీవోల్టులు కొలిచే డిజిటల్ మల్టీమీటర్
☐ కనెక్టర్ టెర్మినల్‌కు సరిపోయే క్రింపింగ్ ప్లయర్ (తీగను టెర్మినల్‌లో నొక్కి బిగించేది)
☐ సెన్సర్లకు 0.5 చదరపు మి.మీ. తీగ, వేడిని తట్టుకునే ఇన్సులేషన్‌తో
☐ క్రాంక్ సెన్సర్‌కు షీల్డ్ ఉన్న తీగ, క్యాన్‌కు (ఈసీయూ, డిస్‌ప్లే అంకెలు పంపుకునే రెండు తీగల డేటా లైన్) మెలితిప్పిన జంట తీగ
☐ 120 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు
☐ థర్మామీటర్, కెటిల్, ఐసు
☐ ఫుల్ ఛార్జ్‌లో ఉన్న బ్యాటరీ, ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్

ఇంజిన్ బేలో టెర్మినల్‌కు తీగను టంకంతో అతికించకండి. టంకం ఎక్కిన చోట తీగ బిరుసెక్కి, వైబ్రేషన్‌కు సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతుంది. సరైన ప్లయర్‌తో వేసిన క్రింప్ చాలు.

## 2. ముందు ఎర్త్, తర్వాత 5 వోల్టులు

అర్థం కాని రీడింగుల్లో చాలావాటికి మూలం ఎర్త్‌లో ఉంటుంది. ఈసీయూకి రెండు రకాల ఎర్త్‌లు ఉంటాయి. పవర్ ఎర్త్ మీదుగా ఇంజెక్టర్లు, కాయిళ్ల కరెంటు పోతుంది. ఆ తీగలన్నీ ఇంజిన్ బ్లాక్ మీదో, సిలిండర్ హెడ్ మీదో ఒకే చోట, పెయింట్ గీకిన లోహం మీద బిగించాలి. సెన్సర్ ఎర్త్ వేరు. అది ఈసీయూ లోపలి నుంచి వచ్చే పిన్. సెన్సర్ల ఎర్త్‌లన్నీ ఆ పిన్‌కే తిరిగి రావాలి.

సెన్సర్ ఎర్త్‌ను బాడీకిగానీ బ్లాక్‌కుగానీ కలపకండి. కలిపితే పవర్ ఎర్త్ వదులైన రోజున కాయిళ్ల కరెంటు సెన్సర్ తీగ మీదుగా దారి వెతుక్కుంటుంది. రీడింగులు గెంతడమే కాదు, ఈసీయూ లోపలి సన్నటి ట్రాక్ కాలిపోవచ్చు.

ఎర్త్ బాగుందో లేదో ఓమ్ మీటర్‌తో తేలదు. ఒక్క పోగు మీద వేలాడుతున్న తీగ కూడా 0 ఓమ్‌లే చూపిస్తుంది. కరెంటు పారుతున్నప్పుడు వోల్టేజి ఎంత పడిపోతోందో కొలవాలి.

1. ఇంజిన్ నడుస్తుండగా (ఇంకా స్టార్ట్ కాని ఇంజిన్ అయితే క్రాంక్ చేస్తూ) ఫ్యాన్, హెడ్‌లైట్లు వేయండి.
2. మీటర్ నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోల్ మీద, ఎర్ర ప్రోబ్ ఈసీయూ పవర్ ఎర్త్ పిన్ మీద పెట్టండి.
3. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 0.05 వోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు. 0.1 దాటితే బ్యాటరీ నుంచి బ్లాక్‌కు వెళ్లే పట్టీ, దాని బోల్టులు ముందు చూడండి.

ఇక 5 వోల్టులు. సెన్సర్లేవీ తగిలించకుండా కీ ఆన్ చేసి, ఈసీయూ ఇచ్చే 5 వోల్టుల పిన్‌కూ సెన్సర్ ఎర్త్‌కూ మధ్య కొలవండి. 4.9 నుంచి 5.1 మధ్య రావాలి. తర్వాత ఒక్కో సెన్సర్ తగిలిస్తూ మళ్లీ కొలవండి. ఎక్కడ పడిపోతే ఆ సెన్సర్‌లోనో, దాని తీగలోనో షార్ట్ ఉంది. థ్రాటిల్, మ్యాప్ (ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని గాలి పీడనం), ఆయిల్ ప్రెషర్ మూడూ ఒకేసారి పడిపోతే మూడు సెన్సర్లు పాడైనట్టు కాదు. ఒకటి 5 వోల్టుల లైన్‌ను కిందికి లాగేస్తోంది.

మూడు తీగల ప్రెషర్ సెన్సర్లు ఎక్కువగా రేషియోమెట్రిక్ రకం. అంటే సరఫరా వోల్టేజి తగ్గితే వాటి సిగ్నల్ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఈసీయూ సొంత 5 వోల్టులతో నడిస్తే ఈ తేడా లెక్కలో సర్దుకుపోతుంది. విడిగా రెగ్యులేటర్ పెట్టి నడిపితే సర్దుకోదు. అందుకే సెన్సర్లకు ఈసీయూ 5 వోల్టులే వాడండి. డిస్‌ప్లేకు, ఎల్‌ఈడీలకు మాత్రం ఆ 5 వోల్టులు ఇవ్వకండి.

## 3. కూలెంట్, గాలి ఉష్ణోగ్రత సెన్సర్లు

ఇవి రెండు తీగల థర్మిస్టర్లు. వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది. ఒక తీగ సెన్సర్ ఎర్త్‌కు, రెండోది ఈసీయూ సిగ్నల్ పిన్‌కు. ఏ తీగ ఎటు పెట్టినా ఫర్వాలేదు. ఈసీయూ లోపల 5 వోల్టుల నుంచి సిగ్నల్ పిన్‌కు ఒక పుల్-అప్ రెసిస్టర్ ఉంటుంది. అదీ, సెన్సర్ నిరోధమూ కలిసి పిన్ దగ్గరి వోల్టేజిని నిర్ణయిస్తాయి.

బాష్ సెన్సర్లలో ఎక్కువగా కనిపించే రకం విలువలు సుమారు ఇలా ఉంటాయి:

- 0 డిగ్రీల దగ్గర 5,900 ఓమ్‌లు
- 20 డిగ్రీల దగ్గర 2,500
- 40 డిగ్రీల దగ్గర 1,175
- 80 డిగ్రీల దగ్గర 323
- 100 డిగ్రీల దగ్గర 186

జనరల్ మోటార్స్ రకం 20 డిగ్రీల దగ్గర సుమారు 3,500, 100 డిగ్రీల దగ్గర సుమారు 177 ఓమ్‌లు. వేడి దగ్గర రెండూ దాదాపు ఒకటే, చల్లదనంలోనే తేడా. అందుకే తప్పు కర్వ్ (ఎంత వేడికి ఎన్ని ఓమ్‌లో చెప్పే పట్టిక) ఎంచుకున్నవారికి ఇంజిన్ వేడెక్కాక అంతా బాగానే కనిపిస్తుంది, చల్లటి స్టార్ట్‌లో మాత్రం తిప్పలు తప్పవు.

అంతకంటే ప్రమాదకరమైనది పుల్-అప్ విలువ తప్పుగా ఇవ్వడం. మెగాస్క్వర్ట్ అనే ఈసీయూలో పుల్-అప్ 2,490 ఓమ్‌లు. చాలా ఈసీయూల్లో 1,000 ఓమ్‌లు. బోర్డు మీద 1,000 ఉండి సాఫ్ట్‌వేర్‌లో 2,490 అని రాస్తే, సెన్సర్ నిరోధం అసలుకు 2.49 రెట్లు ఉన్నట్టు ఈసీయూ లెక్కేస్తుంది. 20 డిగ్రీల ఇంజిన్ మైనస్ 1గా కనిపించి, పెట్రోలు ఎక్కువ పోసి ప్లగ్గులు తడిపేస్తుంది. ఇక 100 డిగ్రీల దగ్గర 186 ఓమ్‌లు 463గా కనిపిస్తాయి. అంటే తెర మీద సుమారు 68 డిగ్రీలు. ఇంజిన్ మరిగిపోతున్నా డిస్‌ప్లే ప్రశాంతంగా ఉంటుంది, ఫ్యాన్ తిరగదు, అలారం మోగదు.

సరిచూసే వరుస:

1. సెన్సర్‌ను విడిగా ఐసు ముక్కలు కలిపిన నీళ్లలో, గది వేడిలో, మరుగుతున్న నీళ్లలో పెట్టి మూడు చోట్లా ఓమ్‌లు రాసుకోండి. నీటిలో ముంచేది లోహపు కొస మాత్రమే, కనెక్టర్ కాదు.
2. మరుగుతున్న నీళ్లంటే 100 అని రాసేయకండి. ఎత్తయిన ప్రాంతంలో సుమారు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుంది. థర్మామీటర్ చెప్పిందే రాయండి.
3. ఆ మూడు జంటలనూ, అసలు పుల్-అప్ విలువనూ సాఫ్ట్‌వేర్‌లో ఇవ్వండి.
4. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌కు కీ ఆన్ చేయండి. కూలెంట్, గాలి రెండూ బయటి థర్మామీటర్‌తో 2 డిగ్రీల లోపు కలవాలి.

పాత గేజ్‌కూ ఈసీయూకూ ఒకే థర్మిస్టర్ నుంచి తీగలు లాగొద్దు. రెండింటి పుల్-అప్‌లూ ఒకదాని మీద ఒకటి పడి వోల్టేజి పెరుగుతుంది, ఇంజిన్ చల్లగా ఉన్నట్టు కనిపిస్తుంది. గేజ్‌కు విడిగా సెన్సర్ పెట్టండి, లేదా విలువను ఈసీయూ నుంచి క్యాన్ ద్వారా పంపండి.

గాలి సెన్సర్‌ను వేడెక్కే మానిఫోల్డ్ లోహంలో గుచ్చకండి. టర్బో ఉంటే ఇంటర్‌కూలర్ తర్వాత, థ్రాటిల్‌కు ముందు పైపులో పెట్టండి. కొస బయటికి కనిపించే ఓపెన్ ఎలిమెంట్ రకమే వాడండి; ఇత్తడి తొడుగున్నది గాలి మార్పును చాలా ఆలస్యంగా అందుకుంటుంది.

## 4. థ్రాటిల్ పొజిషన్

కేబుల్ థ్రాటిల్‌కు మూడు తీగలు: 5 వోల్టులు, సిగ్నల్, సెన్సర్ ఎర్త్. మూసినప్పుడు సుమారు 0.5, పూర్తిగా తెరిచినప్పుడు 4 నుంచి 4.5 వోల్టులు రావాలి. తిరగబడి వస్తే 5 వోల్టుల తీగనూ ఎర్త్‌నూ తారుమారు చేయండి.

కాలిబ్రేషన్‌కు థ్రాటిల్‌ను చేత్తో తిప్పకండి. సీట్లో కూర్చుని పెడల్ నేలదాకా నొక్కండి. కేబుల్ వదులుగా ఉంటే పెడల్‌తో 90 శాతమే తెరుచుకుంటుంది, అది ఇక్కడే బయటపడాలి. తర్వాత పెడల్‌ను మెల్లగా నొక్కుతూ గ్రాఫ్ చూడండి. మధ్యలో ఒక్క గుంట కనిపించినా సెన్సర్ అరిగిపోయినట్టే, మార్చండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌కు ఈ పద్ధతి వర్తించదు. దానికి రెండేసి ట్రాకులు, మోటారు, రక్షణ తర్కం ఉంటాయి. ఈసీయూ మాన్యువల్‌లోని క్రమమే పాటించాలి.

## 5. మ్యాప్ సెన్సర్

ఇంజిన్ ఆపి కీ ఆన్ చేస్తే మ్యాప్ సెన్సర్ బయటి వాతావరణ పీడనం చూపించాలి. సముద్ర మట్టం దగ్గర సుమారు 101 కిలోపాస్కల్, 1,000 మీటర్ల ఎత్తున సుమారు 90. వాతావరణ సంస్థలు ప్రకటించే పీడనం సాధారణంగా సముద్ర మట్టానికి మార్చి చెప్పిన అంకె. ఎత్తున ఉన్నవారు దాన్నే కాలిబ్రేషన్‌కు వాడితే సుమారు 10 శాతం తప్పుతో మొదలవుతారు.

టర్బో నింపే అదనపు ఒత్తిడికి (బూస్ట్) సెన్సర్ పరిధి సరిపోవాలి. 1 బార్ బూస్ట్ అంటే వాతావరణ పీడనం కలుపుకుని సుమారు 200 కిలోపాస్కల్. 250 దాకా చదివే సెన్సర్ చాలు. అంతకు మించి బూస్ట్ పెంచే ఉద్దేశం ఉంటే 300 లేదా 400 పరిధిది తీసుకోండి.

వాక్యూమ్ పైపును థ్రాటిల్ తర్వాత అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉండే ప్లీనం నుంచి తీయండి. ఒక్క రన్నర్ (ఒకే సిలిండర్‌కు వెళ్లే గొట్టం) నుంచి తీస్తే ఐడిల్‌లో అంకె ఊగిసలాడుతుంది. బ్రేక్ బూస్టర్ పైపుతో టీ జాయింటు వేయకండి. సెన్సర్ మూతి కిందికి చూసేలా, మానిఫోల్డ్‌కంటే పైన బిగిస్తే పెట్రోలు చెమ్మ లోపల నిలవదు. స్టాక్ క్యామ్ ఉన్న ఆరోగ్యకరమైన ఇంజిన్ వేడి ఐడిల్‌లో 30 నుంచి 45 కిలోపాస్కల్ మధ్య చూపిస్తుంది.

## 6. ఆయిల్, ఇంధన ప్రెషర్

సాధారణంగా దొరికే 10 బార్ సెన్సర్ 0.5 వోల్టుల దగ్గర సున్నా, 4.5 వోల్టుల దగ్గర 10 బార్ చూపిస్తుంది. వోల్టేజిలోంచి 0.5 తీసేసి 2.5తో గుణిస్తే బార్ వస్తుంది. 1.7 వోల్టులంటే 3 బార్.

ఇక్కడ అబ్సొల్యూట్ (శూన్యం నుంచి కొలిచేది), గేజ్ (బయటి గాలి పీడనం నుంచి కొలిచేది) తేడా గుర్తుంచుకోవాలి. ఆయిల్ కోసం అబ్సొల్యూట్ సెన్సర్ కొన్నవారికి ఇంజిన్ ఆపినా 1 బార్ కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో 1 తీసేసి సర్దుకోవచ్చు, కానీ ఆయిల్‌కు గేజ్ రకమే కొనడం మేలు. ఇంధన రెగ్యులేటర్‌కు మానిఫోల్డ్ పైపు ఉంటే అసలు చూడాల్సింది రెయిల్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య తేడా. మూల ఒత్తిడి 3 బార్ అయితే, 40 కిలోపాస్కల్ ఐడిల్‌లో గేజ్ సుమారు 2.4 బార్ చూపించడం సహజం. అది పంపు లోపం కాదు.

మరలు బిగించేటప్పుడు:

- 1/8 ఎన్‌పీటీ మరలో అంగుళానికి 27 చుట్లు, 1/8 బీఎస్‌పీటీలో 28. చూపుకు ఒకేలా ఉంటాయి, రెండు మూడు చుట్లు ఎక్కుతాయి కూడా. ఆ తర్వాత బలవంతం చేస్తే ఆయిల్ హౌసింగ్ పగులుతుంది. మర గేజ్‌తో చూసుకోండి.
- సీలెంట్ టేపు మొదటి ఒకటి రెండు చుట్లు వదిలేసి చుట్టండి. ముక్క తెగితే ఆయిల్ దారిలో పడుతుంది.
- మూడు తీగల సెన్సర్‌కు ఎర్త్ తీగ ఉంది కాబట్టి టేపుతో ఇబ్బంది లేదు. ఒక్క తీగ పాత సెండర్ మర ద్వారానే ఎర్త్ తీసుకుంటుంది, టేపు దాన్ని అడ్డుకుంటుంది.
- బరువైన సెన్సర్‌ను టీ మీద బ్లాక్‌కు వేలాడదీయకండి. వైబ్రేషన్‌కు టీ మెడ విరిగి ఆయిలంతా బయట పడుతుంది. పొట్టి హోస్ వేసి సెన్సర్‌ను బాడీకి బిగించండి.

## 7. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్

ఇది ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ కొలిచి గాలి-ఇంధన మిశ్రమం ఎలా ఉందో చెబుతుంది; దీన్ని నడిపేది ఒక కంట్రోలర్. ఎక్కువ కంట్రోలర్లు బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్‌తో పనిచేస్తాయి. దాని ఎలిమెంట్ సుమారు 780 డిగ్రీల దగ్గర పనిచేసే సిరామిక్. అంత వేడి మీద చుక్క నీరు పడితే పగిలిపోతుంది. బిగించే పద్ధతి అంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

- పైపు పైభాగంలో, కొస కిందికి చూసేలా, అడ్డంగా గీసిన గీతకు కనీసం 10 డిగ్రీలు పైకి లేపి బిగించండి. అప్పుడు నీరు కారిపోతుంది.
- సహజంగా గాలి పీల్చే ఇంజిన్‌కు ఎగ్జాస్ట్ పోర్టు నుంచి సుమారు 60 సెం.మీ. నుంచి 1 మీటరు దూరంలో. టర్బో ఉంటే టర్బో తర్వాత.
- ముందు ఎక్కడా ఎగ్జాస్ట్ లీకు ఉండకూడదు. లీకు పీల్చే గాలి మిశ్రమాన్ని పలుచగా చూపిస్తుంది, అది నమ్మి పెట్రోలు పెంచుతూ పోతారు. మిస్‌ఫైర్ కూడా ఇదే అబద్ధం చెబుతుంది.
- హీటర్‌కు పవర్ ఇంజిన్ తిరుగుతున్నప్పుడు మాత్రమే అందేలా చేయండి. ఫ్యూయెల్ పంపు రిలే నుంచి తీస్తే సరిపోతుంది.
- హీటర్ పనిచేయని సెన్సర్‌ను ఎగ్జాస్ట్‌లో వదలకండి, మసి పట్టి పాడవుతుంది.
- సెన్సర్ కనెక్టర్ కోసి తీగ పొడిగించకండి. అందులోనే ఆ సెన్సర్‌కు సరిపడా ట్రిమ్ చేసిన రెసిస్టర్ ఉంటుంది.

ఈసీయూకి క్యాన్ ద్వారా ఇవ్వగలిగితే క్యాన్ ద్వారానే ఇవ్వండి. అనలాగ్ 0–5 వోల్టుల దారిలో ఎర్త్ తేడా నేరుగా మిశ్రమం అంకెలోకి వచ్చేస్తుంది. 0–5 వోల్టులకు 10 నుంచి 20 గాలి-ఇంధన నిష్పత్తి అని పెట్టిన కంట్రోలర్‌లో 0.1 వోల్టు తేడా అంటే 0.2 నిష్పత్తి. 7.35 నుంచి 22.39 పరిధిలో అయితే 0.3. పూర్తి లోడు మీద ఆ తేడాతో ట్యూన్ చేయడం పిస్టన్‌తో ఆడుకోవడమే. అనలాగ్ తప్పనిసరైతే కంట్రోలర్ సిగ్నల్ ఎర్త్‌ను ఈసీయూ సెన్సర్ ఎర్త్‌కు, హీటర్ ఎర్త్‌ను ఈసీయూ పవర్ ఎర్త్ బోల్టుకు వేయండి. కంట్రోలర్ తెర, ఈసీయూ సాఫ్ట్‌వేర్ రెండూ పక్కపక్కన పెట్టి కనీసం మూడు విలువల దగ్గర పోల్చండి.

డిస్‌ప్లేలో నిష్పత్తి బదులు లాంబ్డా (అసలు నిష్పత్తిని సమతుల్య నిష్పత్తితో భాగించిన అంకె) పెట్టుకోవడం మంచిది. ఇంధనంలో ఇథనాల్ ఎంత కలిసినా సమతుల్య మిశ్రమం 1.00 దగ్గరే ఉంటుంది.

ఎగ్జాస్ట్ వేడి కొలిచే కె-రకం థర్మోకపుల్ కూడా పెడుతుంటే ఒక జాగ్రత్త. అది డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులే ఇస్తుంది, యాంప్లిఫైయర్ లేకుండా ఈసీయూ చదవలేదు. పొడిగింపుకు మామూలు రాగి తీగ పనికిరాదు, కె-రకం తీగే కావాలి. అమెరికా రంగుల పద్ధతిలో ఎర్ర తీగ నెగటివ్, పసుపు పాజిటివ్. ఎరుపు అంటే ప్లస్ అనే అలవాటుతో కలిపితే ఎగ్జాస్ట్ వేడెక్కేకొద్దీ అంకె తగ్గుతుంది.

## 8. క్రాంక్ సెన్సర్

ఇది క్రాంక్‌తో తిరిగే పంటి చక్రాన్ని చూసి ఇంజిన్ వేగం, స్థానం ఈసీయూకి చెబుతుంది. రెండు తీగలుంటే వీఆర్ రకం (అయస్కాంతం, కాయిల్‌తో తనే సిగ్నల్ పుట్టించేది), మూడుంటే సాధారణంగా హాల్ రకం (సరఫరా వోల్టేజితో నడిచేది). తీగల సంఖ్య ఒక్కటే చూసి నిర్ణయించకండి, కొన్ని వీఆర్ సెన్సర్లకు షీల్డ్ మూడో తీగగా వస్తుంది.

వీఆర్ తీగలను మెలితిప్పి, షీల్డ్ వేసి, కాయిల్ తీగలకు దూరంగా నడపండి. షీల్డ్‌ను ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేయండి, రెండో కొస వదిలేయండి. హాల్ సెన్సర్ అవుట్‌పుట్‌కు తరచూ పుల్-అప్ కావాలి. ఈసీయూలో ఆన్ చేసే సెట్టింగ్ ఉంటే అదే వాడండి.

పంటి చక్రానికీ సెన్సర్‌కూ మధ్య ఖాళీ సుమారు 0.8 నుంచి 1 మి.మీ. ఉంచి, చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి అన్ని చోట్లా ఫీలర్ గేజ్‌తో చూడండి. వీఆర్ పోలారిటీ తిరగబడితే స్టార్ట్ అవుతుంది, ఐడిల్ కూడా నిలబడవచ్చు, ఆర్‌పీఎం పెరిగాకే సింక్ పోతుంది, అంటే క్రాంక్ ఎక్కడుందో ఈసీయూకి తెలియకుండా పోతుంది. అందుకే 60-2 (60 పళ్ల చోట రెండు లేనిది) లేదా 36-1 చక్రం పంటి గ్రాఫ్‌ను సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి, లేని పళ్ల దగ్గర ఒకే ఒక్క స్పష్టమైన పొడవాటి గీత వస్తోందో లేదో చూడండి. తర్వాత ఇగ్నిషన్‌ను 10 డిగ్రీల దగ్గర లాక్ చేసి టైమింగ్ లైటుతో ఐడిల్‌లో, 4,000 దగ్గర రెండుచోట్లా చూడండి. గుర్తు కదలకూడదు.

## 9. డిస్‌ప్లేను క్యాన్‌తో కలపడం

పవర్: ఇగ్నిషన్ ఆన్‌లో వచ్చే 12 వోల్టులు, విడిగా ఫ్యూజ్. ఎర్త్ ఈసీయూ పవర్ ఎర్త్ దగ్గరే. క్యాన్-హై, క్యాన్-లో తీగలను మెలితిప్పి, ఈసీయూ నుంచి డిస్‌ప్లేకు ఒకే వరుసలో నడపండి. వైడ్‌బ్యాండ్ లాంటి మధ్య పరికరాలకు వేసే పక్క కొమ్మలు 30 సెం.మీ. దాటకూడదు. నక్షత్రం ఆకారంలో అన్నీ ఒకచోట ముడివేయడం పనిచేయదు.

వరుస రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఒక్కోటి ఉండాలి. పవర్ మొత్తం ఆపి రెండు తీగల మధ్య కొలవండి:

- 60 ఓమ్‌లు: సరిగ్గా ఉంది
- 120: ఒక రెసిస్టర్ లేదు
- 40: ఒకటి ఎక్కువైంది, ఏదో పరికరంలో లోపలే ఉంది
- 0 దగ్గర: తీగలు షార్ట్

ఇప్పుడు వేగం. ఈసీయూ, డిస్‌ప్లే రెండూ ఒకే వేగంలో ఉండాలి. హాల్టెక్ ఈసీయూ సెకనుకు 1 మెగాబిట్ వాడుతుంది; మెగాస్క్వర్ట్ డాష్ ప్రసారం 500 కిలోబిట్లు, మూల ఐడీ (మొదటి సందేశం నంబరు) 1512. ఒక్క పరికరం వేగం తప్పయినా దాని ఎర్రర్లు లైన్ మొత్తాన్ని ఆపేస్తాయి. అందుకే కొత్త పరికరం తగిలించగానే అన్నీ ఆగిపోతే ముందు దాన్నే అనుమానించండి.

డిస్‌ప్లేలో మీ ఈసీయూ పేరుతో సిద్ధంగా ఉన్న ప్రొఫైల్ ఉంటే అదే ఎంచుకోండి. లేకపోతే ఒక్కో ఛానెల్‌కు ఐడీ, బైట్ల స్థానం, బైట్ల వరుస, గుణకం, సైన్ (మైనస్ విలువలు) ఉందా లేదా అన్నవి చేత్తో ఇవ్వాలి. మొదట్లో చెప్పిన 20,995 ఆర్‌పీఎం ఇక్కడి నుంచే వస్తుంది. 850ని ఈసీయూ 3, 82 అనే రెండు బైట్లుగా పంపుతుంది (3 × 256 + 82). డిస్‌ప్లే వాటిని తిరగేసి చదివితే 82 × 256 + 3, అంటే 20,995. బైట్ల వరుస ఒక్కటి మారిస్తే చాలు.

ఉష్ణోగ్రతలోనూ ఇదే తంతు. మెగాస్క్వర్ట్ ప్రసారంలో ఫారెన్‌హీట్‌ను 10 రెట్లు చేసి పంపుతుంది: 90 డిగ్రీల సెల్సియస్ 1940గా వస్తుంది. హాల్టెక్ కెల్విన్‌ను 10 రెట్లు చేసి పంపుతుంది: అదే 90 డిగ్రీలు సుమారు 3631. తెర మీద వింత అంకె కనిపిస్తే గుణకంతో కుస్తీ పట్టకముందు ఏ కొలమానమో తేల్చుకోండి.

ఫోన్ లేదా టాబ్లెట్‌ను బ్లూటూత్‌తో కలిపి డిస్‌ప్లేగా వాడొచ్చు, ట్యూనింగ్‌కు సుఖంగా ఉంటుంది. అలారాలకు మాత్రం దాని మీద ఆధారపడకండి. ఎండకు వేడెక్కి ఆగిపోతుంది, కనెక్షన్ తెగినా చివరి అంకెనే చూపిస్తూ ఉండిపోవచ్చు.

## 10. తెర మీద ఏం పెట్టాలి, ఎప్పుడు అరవాలి

మొదటి పేజీలో ఆర్‌పీఎం, కూలెంట్, ఆయిల్ ప్రెషర్, లాంబ్డా చాలు. బ్యాటరీ వోల్టేజి మూలన చిన్నగా. మిగతావన్నీ రెండో పేజీకి. పది గేజ్‌లు కిక్కిరిసిన తెర నడిపేటప్పుడు ఎవరూ చదవలేరు.

ఆయిల్ ప్రెషర్‌కు ఒకే అంకె మీద అలారం పెట్టడం దాదాపు నిరుపయోగం. 0.7 బార్ ఐడిల్‌లో సరే. 5,000 ఆర్‌పీఎం దగ్గర అదే అంకె బేరింగులు పోతున్నాయని అర్థం. ప్రతి 1,000 ఆర్‌పీఎంకు కనీసం సుమారు 0.7 బార్ అన్న మోటు లెక్కతో పట్టిక మొదలుపెట్టి, మీ ఇంజిన్ మాన్యువల్ విలువలతో దిద్దండి. మలుపుల్లో ఒక్క క్షణం పడే ప్రెషర్‌కు మోగకుండా అర సెకను ఆలస్యం పెట్టండి, అంతకంటే ఎక్కువ వద్దు.

అలారం డిస్‌ప్లేలో పెట్టి ఊరుకోకండి. అదే షరతుకు ఈసీయూలోనే ఆర్‌పీఎం పరిమితి తగ్గించే రక్షణ పెట్టండి. డ్రైవరు తెర చూసేలోపే ఇంజిన్ పోతుంది. సెన్సర్ తీగ తెగితే ఏ విలువ తీసుకోవాలో కూడా ఈసీయూలో ఇవ్వండి: కూలెంట్‌కు 80 డిగ్రీల దగ్గరి విలువ, ఫ్యాన్ ఆన్.

అలారాలను తీగ పీకి పరీక్షించండి. బండి నిలబెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ ప్రెషర్ కనెక్టర్ విప్పితే లైటు వెలగాలి, పరిమితి పడాలి. ఈ పరీక్ష పాసవకుండా రోడ్డెక్కకండి. రోడ్డు మీద ట్యూనింగ్ చేసేటప్పుడు ల్యాప్‌టాప్ పక్క సీటులో ఇంకొకరి ఒళ్లో ఉండాలి.

## 11. లక్షణం చూసి వెతకాల్సిన చోటు

- కూలెంట్ మైనస్ 40: తీగ తెగింది లేదా కనెక్టర్ ఊడింది. కనెక్టర్ రెండు పిన్నులూ కలిపి చూడండి. అంకె పైకి ఎగిరితే తీగ బాగుంది, సెన్సర్ పోయింది.
- కూలెంట్ ఎప్పుడూ గరిష్ఠం: సిగ్నల్ తీగ ఎర్త్‌కు తగులుతోంది.
- ఫ్యాన్ ఆన్ అవగానే అన్ని అంకెలూ కదులుతున్నాయి: ఎర్త్. 2వ భాగానికి తిరిగి వెళ్లండి.
- మూడు తీగల సెన్సర్లన్నీ ఒకేసారి సున్నా: 5 వోల్టుల లైన్ షార్ట్.
- మ్యాప్ ఐడిల్‌లోనూ 100 దగ్గరే: పైపు ఊడింది, లేదా థ్రాటిల్‌కు ముందు తీశారు.
- ల్యాప్‌టాప్‌లో సరైన అంకె, తెర మీద తప్పు: సెన్సర్ జోలికి వెళ్లకండి. గుణకం, కొలమానం, బైట్ల వరుస చూడండి.
- క్రాంక్ చేసేటప్పుడు డిస్‌ప్లే ఆరిపోతోంది: దాని పవర్ స్టార్ట్ స్థానంలో తెగిపోయే లైన్ నుంచి తీశారు, లేదా బ్యాటరీ బలహీనంగా ఉంది.
- కుదుపులకు మాత్రమే అంకె గెంతుతోంది: ఇంజిన్ నడుస్తుండగా లాగ్ రికార్డు చేస్తూ హార్నెస్‌ను బెల్టుకు, ఎగ్జాస్ట్‌కు దూరంగా ఒక్కో అడుగు చొప్పున కదపండి. లాగ్‌లో ముల్లు లేచిన చోట టేపు విప్పి చూడండి. చాలాసార్లు క్రింప్ ఇన్సులేషన్ మీద పడి ఉంటుంది, రాగి మీద కాదు.

అన్నీ కుదిరాక ఈసీయూ ఫైలునూ డిస్‌ప్లే కాన్ఫిగరేషన్‌నూ ఒకే తేదీ పేరుతో సేవ్ చేసి, పిన్‌ల పట్టిక నకలు ఒకటి బండిలోనే ఉంచండి. తర్వాత ఎప్పుడైనా ఈసీయూ ఫర్మ్‌వేర్ మారిస్తే, బండి బయటికి తీసేముందు క్యాన్ ఛానెళ్లు, అలారాలు మళ్లీ ఒకసారి పరీక్షించండి. ప్రసారం సెట్టింగులు డిఫాల్ట్‌కు వెళ్లిపోయే అవకాశం ఉంది.